కొంగలదిబ్బ మీద మంచు

కొల్లేరు పొగ అంచనా కేంద్రం, గట్టుపేట. నమోదు: తరళ.

డిసెంబరు 9

గాలి ఈశాన్యం నుంచి. మంట చుక్కలు పద్నాలుగు, అన్నీ జమ్ముగట్టు మీదే. మధ్యాహ్నం రెండుంబావుకి సున్నా. పొగ అంకె 41.

రోజువారీ నమోదు మూడు వరుసలు మించకూడదని పైకార్యాలయం నియమం. నేను ఏడేళ్ళుగా మించుతూనే ఉన్నాను. వ్యాఖ్యల గడి అంత వెడల్పుగా పెట్టి అందులో ఏమీ రాయొద్దంటే ఎలా? చదివేవాళ్ళు లేరు కనుక అడిగేవాళ్ళూ లేరు.

ఇవాళ రాయదగ్గ సంగతి ఉంది. జమ్ముగట్టు లంక పెద్ద ఏడుకొండలు నాలుగు రోజుల కిందట వైర్‌లెస్ సెట్టులో నా ప్రాణం తీశాడు. జమ్ము గడ్డి కోసి అట్టపలకలు చేసే మిల్లుకి పంపేశాక మిగిలిన మోళ్ళని తగలబెడితేనే కొత్త పిలకలు వస్తాయి. అందుకు పొద్దున్న పది నుంచి రెండు దాకా అనుమతి. రెండుంబావుకి లంకల మీదుగా ఒక ఉపగ్రహం వెళుతుంది. దానికి ఎర్ర చుక్క కనబడితే లంకకి ఒక మచ్చ. మూడు మచ్చలైతే మరుసటేడు నిప్పు పెట్టే హక్కు పోతుంది. జమ్ముగట్టుకి ఇప్పటికే రెండున్నాయి.

“రెండింటాయన వచ్చేసరికి ఏదో మూల కుమ్ము ఉండిపోతందండి మేడంగారూ. చెరువులో నీళ్ళా, గట్టు దిగిపోయి మూడేళ్ళయ్యింది. ఎంతని మోసుకొచ్చి పోత్తాం?” అన్నాడు. లంకల వాళ్ళు ఆ ఉపగ్రహాన్ని రెండింటాయన అంటారు, వచ్చిపోయే తాసిల్దారు లాగా.

“నీళ్ళు లేకపోతే బురద కప్పించండి. వేడి పైకి రాకపోతే చుక్క పడదు” అన్నాను.

ఇవాళ ఎనభైమంది పారలు పట్టుకుని బోదెలోని బురదంతా తెచ్చి కప్పారట. రెండింటాయన వెళ్ళిపోయాడు. ఒక్క చుక్క లేదు. రిజిస్టరులో ‘ఆరింది’ అని పడింది. ఏడుకొండలు సెట్టులో పడిపడి నవ్వాడు. నాక్కూడా సంతోషం వేసింది. ఇదే సలహా మిగతా పది లంకలకీ పంపాను. దానికి ‘బురద పద్ధతి’ అని పేరు కూడా నేనే పెట్టాను.

డిసెంబరు 14

గాలి అదే. చుక్కలు: పగలు ఇరవై రెండు, రెండుంబావుకి సున్నా. అంకె 44.

ఈ వారం పదకొండు లంకల్లో ఏ ఒక్కదానికీ మచ్చ పడలేదు. కేంద్రం పెట్టాక ఇదే మొదటిసారి. పైకార్యాలయం నుంచి శశిభూషణ్‌గారు మెచ్చుకుంటూ రెండు ముక్కలు పంపారు. ఆ మనిషి నుంచి రెండు ముక్కలు రావడమంటే మాటలు కాదు. మధ్యాహ్నం అన్నం మామూలు కంటే ఎక్కువ తిన్నాను.

సరస్సు మీద తెల్లటి పొర కనబడుతోంది. యంత్రం రోజూ అడిగినట్టే అడిగింది: మంచా, పొగా? మంచు అని నొక్కాను. మంచు అంటే పొరని పక్కనపెట్టి మంటల వేడి నుంచి మాత్రమే అంకె కడుతుంది. డిసెంబరులో కొల్లేరు మీద మంచు కాక ఇంకేముంటుంది. అయినా ప్రతిరోజూ అడుగుతుంది, చిన్నపిల్లలా.

డిసెంబరు 18

గాలి అదే. చుక్కలు మూడు, సున్నా. పొర: మంచు. అంకె 38.

పది గంటలకి కొంగలదిబ్బ నర్సు సువార్త సెట్టులోకి వచ్చింది. కొంగలదిబ్బ జమ్ముగట్టుకి నైరుతిలో ఉన్న చిన్న లంక. అరవై రెండు మంది ఉంటారు. అక్కడ జమ్ము లేదు, చేపలే.

“మేడంగారండీ, తొమ్మిదిమంది దగ్గుతన్నారండి. ఊపిరిగదిలో కూర్చోబెట్టేనండి. గదిలో ఫిల్టర్లు నల్లబడిపోయేయండి. ఓ ఆరు పంపించగలరేమోనని.”

ఫిల్టర్ల పడవ కదలాలంటే అంకె మూడువందలు దాటాలని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు. అంకె ముప్పై ఎనిమిదని చెప్పాను. చలికాలం జలుబేమో చూడమన్నాను. “సరేనండి” అంది.

కఠినంగా ఉండక తప్పదు. నిరుడు ఇలాగే ఒక లంక వాళ్ళు దగ్గు దగ్గని ఇరవై ఫిల్టర్లు తెప్పించుకుని, వాటి గుడ్డ చింపి రొయ్యపిల్లల తొట్టెలకి వడపోత కట్టుకున్నారు. ఆ ఇరవై అందక ఇంకో ఊరు వారం రోజులు అవస్థపడింది. దగ్గుకి ఫిల్టరు ఇస్తూపోతే అంకెకి ఇవ్వడానికి ఉండవు. నేలమీది కొలత యంత్రాలు ఉప్పుగాలికి తుప్పుపట్టాయని తీసేసి పదకొండేళ్ళయింది. ఇప్పుడు ఈ పదకొండు లంకలకీ ఉన్నది నా అంకె ఒక్కటే.

డిసెంబరు 20

చుక్కలు సున్నా, సున్నా. పొర: మంచు. అంకె 36.

దగ్గేవాళ్ళు పదిహేడు.

“మంచు ఉందా అక్కడ?” అని అడిగాను.

“ఉందండి. మద్దేన్నం దాకా వదలట్లేదండి. ఈ ఏడు మంచు వాసనొత్తందండి.”

మంచుకి వాసన ఉండదని చెప్పాను. ఉంటే అది చేపలదో బురదదో అయి ఉంటుందన్నాను. సువార్త ఎదురు చెప్పలేదు. ఈమెతో ఇదే చిక్కు. పోట్లాడితే నాకు సులువు.

డిసెంబరు 22

చుక్కలు సున్నా. పొర: మంచు. అంకె 37.

ఇరవై నలుగురు. ఇళ్ళలో చేపలు పొగబెడుతున్నారేమో కనుక్కోమన్నాను. ఈ వారం ఎవరి పొయ్యీ వంటకి తప్ప వెలగలేదని చెప్పింది. దోనె నడిపే మనిషి కూడా నిన్నటి నుంచి పడుకున్నాడట. ఆయన పేరు జకరయ్య, ఆమె భర్త. లంక నుంచి జబ్బుపడ్డవాళ్ళని ఒడ్డుకి చేర్చేది ఆయన ఒక్కడే.

“మేడంగారండీ, ఒక్క మాట అడగనా అండి?” అంది సువార్త.

“అడగండి.”

“మీ లెక్కలో మేం దగ్గట్లేదా అండి?”

లెక్క మళ్ళీ కడతానని చెప్పాను. మూడుసార్లు కట్టాను. వేడి నుంచి కాలిన జమ్ము బరువు, బరువు నుంచి పొగ, పొగ నుంచి గాలి. ఎక్కడా తప్పు లేదు. జమ్ముగట్టులో నిప్పు ఆరి పదమూడు రోజులైంది. లేని నిప్పుకి పొగ ఎక్కడిది?

డిసెంబరు 25

చుక్కలు సున్నా. పొర: మంచు. అంకె 36.

సెలవు రోజే అయినా కేంద్రానికి వచ్చాను. ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు.

కొంగలదిబ్బలో ఆరాధన ఊపిరిగదిలో పెట్టుకున్నారట. రెండో పాట సగంలో ఆగిపోయింది. పాడేవాళ్ళందరూ ఒకేసారి దగ్గడం మొదలుపెట్టారని సువార్త చెప్పింది. ముప్పై ఒక్కరు. మళ్ళీ ఫిల్టర్లు అడగలేదు. అడగకపోవడం నాకు అడిగినదానికంటే ఎక్కువ కష్టంగా ఉంది.

శశిభూషణ్‌గారికి సందేశం పెట్టాను, అంకెకి మించి ఆరు ఫిల్టర్లు పంపే వీలుందా అని. సాయంత్రానికి జవాబు వచ్చింది: “అంకె పంపండి.”

డిసెంబరు 26

చుక్కలు సున్నా. పొర: మంచు. అంకె 36.

పది గంటలకి సెట్టు మోగింది. “ముప్పైయండి” అంది సువార్త.

నాకెంత తేలికపడిందో చెప్పలేను. నిన్న ముప్పై ఒకటి, ఇవాళ ముప్పై. “హమ్మయ్య, తగ్గుముఖం పట్టిందన్నమాట” అన్నాను. గట్టిగానే అన్నాను.

“తగ్గలేదండి. మా ఆయన తెల్లారగట్ల పోయేరండి.”

తర్వాత ఆమె మిగతా ముప్పైమంది వయసులూ ఒకదాని తర్వాత ఒకటి చదివింది. నేను రాసుకున్నాను.

డిసెంబరు 27

చుక్కలు సున్నా. పొర: మంచు. అంకె 36.

జకరయ్య మరణపత్రం నకలు నా తెరమీదికి వచ్చింది. కారణం గడిని యంత్రం దానంతట అదే నింపుతుంది, చనిపోయిన రోజు అంకె చూసి. మూడువందల లోపైతే ‘సహజం’. మనిషికి నలభై నాలుగేళ్ళు. సహజం.

రేపు కొంగలదిబ్బ వెళుతున్నాను. అంచనా అధికారి లంకలకి వెళ్ళాలన్న నియమం లేదు. వెళ్ళకూడదన్న నియమమూ లేదు. ఏడేళ్ళలో నేను ఏ లంకలోనూ కాలు పెట్టలేదని ఇవాళే గుర్తొచ్చింది.

డిసెంబరు 28

చుక్కలు, పొర, అంకె: నింపలేదు.

రేవులో నాకోసం ఒక ముసలావిడ తాటిదోనెలో గెడ పట్టుకుని నిలబడి ఉంది. అరవై ఎనిమిదేళ్ళట. పేరు దీవెనమ్మ.

“మా వోడి దోనే అమ్మా ఇది. నడిపేవోళ్ళు లేరు గదా, నేనే వచ్చేను” అంది.

జకరయ్య తల్లి. నాకు ఎక్కబుద్ధి కాలేదు, అలాగని వెనక్కి పోనూ లేను. ఎక్కి కూర్చుని దారి పొడవునా నీళ్ళకేసి చూశాను. గంటన్నర. ఆవిడ దగ్గు వచ్చినప్పుడల్లా గెడ ఆపి, దగ్గి, మళ్ళీ వేసింది.

కొంగలదిబ్బ చేరేసరికి పన్నెండు దాటింది. మంచు అలాగే ఉంది. ఒడ్డున దిగి రెండు ఊపిర్లు తీసుకోగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సువార్త చెప్పింది నిజం. వాసన ఉంది. తడి గోనె మాడినట్టు, కమురు వాసన.

సువార్త సెట్టులో వినిపించినదానికంటే చిన్నది, ముప్పై దాటి ఉండవు. తెల్లచీర కట్టుకుని ఊపిరిగది గుమ్మంలో నిలబడి ఉంది. లోపల పిల్లలు గోడకి ఆనుకుని కూర్చుని నన్ను చూశారు. చెప్పులు విప్పి గుమ్మం బయటే నిలబడ్డాను. ఆమే, “టీ తాగుతారా అండి?” అంది.

నేను సిగ్గు లేకుండా ప్రతి ఇంటి పొయ్యీ చూశాను. అన్నీ చల్లగానే ఉన్నాయి. దీవెనమ్మ నా వెనకే తిరిగి, చివరికి తన ఇంట్లో కూర్చోబెట్టింది. పొయ్యిలో బూడిద తప్ప ఏమీ లేదు. ఆవిడ పుల్లతో బూడిద పక్కకి తోసింది. అడుగున ఎర్రగా నిప్పు. లంకలకి అగ్గిపెట్టెలు పంపడం ఆపేసి తొమ్మిదేళ్ళు. ప్రతి ఇల్లూ పొద్దుటికి కావలసిన నిప్పుని ఇలా బూడిద కింద దాచుకుంటుంది.

ఆవిడ బూడిద మళ్ళీ కప్పింది. సన్నగా పొగ లేచింది. బయటి వాసనే.

“ఎక్కడో నిప్పు కప్పెట్టేరమ్మా” అంది దీవెనమ్మ. “ఇది మంచు గాదు. మా వోడు పోయే ముందు రోజే అనుకున్నాను. ఎవరితో సెప్పను? ఆరిందని రాసేరంట గదా.”

ఎక్కడ కప్పారో నాకు తెలుసు. ఎవరు కప్పమన్నారో కూడా తెలుసు. గాలికి ఎదురుగా దోనె జమ్ముగట్టుకి తిప్పమన్నాను.

డిసెంబరు 29

చుక్కలు నింపలేదు.

నిన్న సాయంత్రం, ఇవాళంతా జమ్ముగట్టు మీదే. ఏడుకొండలు మమ్మల్ని చూసి మర్యాదగా ఎదురొచ్చాడు. ఊరు లంకకి ఉత్తరపు కొసన ఉంది, పొగ ఏనాడూ అటు రాదు. చేను వెచ్చగా ఉందని తనే చెప్పాడు, అదో వింతలా.

“కోళ్ళు ఇంటికి రానంటన్నాయండి. అక్కడే గుడ్లు పెట్టుకుని పొదుగుతున్నాయి.”

చేను మీద బురద పెంకులా ఎండి, చీలికలు వేసింది. ఒక చీలిక మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాను. అరచేతిలో బొబ్బ లేచింది. ఈ లంక నేల నేలే కాదు. వందల ఏళ్ళ జమ్ము కుళ్ళి, పొర మీద పొర పేరుకున్న నల్లమన్ను. మూడేళ్ళ కిందటిదాకా నీళ్ళలో నానుతూ ఉండేది. ఇప్పుడు ఎండి ఉంది. పైన మోళ్ళు కాలుతుండగా బురద కప్పితే నిప్పు కిందికి దిగింది. మంట లేదు, వేడి పైకి రాదు, చుక్క పడదు. ఇరవై రోజులుగా మాడుతోంది.

దీవెనమ్మ ఏడుకొండలుని చూసి అడిగింది. “ఏరా, పొయ్యిలో కప్పితే దాసినట్టు, సేలో కప్పితే ఆర్పినట్టా? నీకు తెలీదా?”

ఏడుకొండలుకి అరవై ఏళ్ళు. పసివాడిలా తల దించుకున్నాడు. “తెలీకేం పెద్దమ్మా. మా ఆవిడ రోజూ దాసేది అలాగే గదా. సుక్క పోయింది. ఆరిందని పుస్తకంలో పడింది. ఇంక సూసేదేముందనుకున్నాం.” తర్వాత నాకేసి తిరిగాడు. గొంతులో కోపం లేదు, భయం ఉంది. “మీరే సెప్పేరు గదండీ మేడంగారూ, వేడి పైకి రాపోతే సుక్క పడదని. మా హక్కు తీసేత్తారా అండి ఇప్పుడు?”

తీసేది నేను కాదని అనబోయి ఆగాను. ఆ మాట నిజమే కానీ అనదగ్గది కాదు.

లోతు తెలియకుండా లెక్క కట్టలేను. కొలిచే సాధనం ఏదీ నా దగ్గర లేదు. దీవెనమ్మ దోనె గెడ తీసుకుని చీలికలో దించి, అరవై దాకా లెక్కపెట్టి పైకి తీసింది. కొస జానెడు మేర నల్లగా మాడి ఉంది. అదే కొలత. పగలంతా నలభై చోట్ల దించాం. ఏడుకొండలు మనుషులు ముగ్గురు వాళ్ళ గెడలు తెచ్చారు. నలభైలో ఇరవై ఏడు చోట్ల గెడ మాడింది. కొన్ని చోట్ల జానెడు, కొన్ని చోట్ల మూడు జానలు. నేను పలక మీద రాస్తూ వెళ్ళాను. ఆవిడ పాదాలకి గోనెపట్టాలు కట్టుకుని నా ముందు నడిచింది, ఎక్కడ నేల కుంగుతుందో గెడతో పొడిచి చూస్తూ.

తిరుగు దారిలో చెప్పేశాను. “పెద్దమ్మా, బురద కప్పమన్నది నేను. పదకొండు లంకలకీ చెప్పాను. మీ అబ్బాయి అందుకే పోయాడు.”

ఆవిడ గెడ ఆపలేదు. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది. దోనె ఒడ్డుకి తగిలాక, “దిగమ్మా” అంది.

డిసెంబరు 30

కాలిన మేర: డిసెంబరు 9 నాటి చుక్కల నుంచి, జమ్ముగట్టులో నూట పదిహేను ఎకరాలు. లోతు: గెడతో. ఎండు జమ్ము మంటతో కాలితే కిలోకి ఆరు గ్రాముల పొగ. నల్లమన్ను మంట లేకుండా మాడితే కిలోకి ముప్పైకి పైనే. మొన్నటి గాలికి కొంగలదిబ్బ మీద అంకె 640. మిగతా లంకల్లో కప్పినవి కలపలేదు.

ఈ అంకె వెయ్యబోతే యంత్రం తీసుకోలేదు. ఆధారం గడిలో నాలుగు ఉపగ్రహాల పేర్లున్నాయి, వాటిలో ఒకటి ఎంచుకోవాలి. గెడ లేదు. శశిభూషణ్‌గారికి ఫోన్ చేశాను.

“ఉపగ్రహం చూడనిది మనం ఎలా రాస్తామమ్మా?” అన్నారు. “రేపు ప్రతివాడూ ఒక కర్ర పట్టుకొస్తాడు. మనం దేన్ని నమ్మాలి?”

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. వారం కిందట నేనే అనేదాన్ని ఆ మాట. ఫోన్ పెట్టేసి, ఉపగ్రహం ఏం చూసిందో మొదటి నుంచీ చూద్దామని పాత పొరలన్నీ తెరిచాను. రోజూ పక్కనపెట్టేసిన ఆ తెల్లటి పొర.

జమ్ముగట్టు దగ్గర సన్నగా మొదలై, నైరుతికి విస్తరిస్తూ, సరిగ్గా కొంగలదిబ్బ మీదుగా పోతోంది. మంచు అలా ఒక దిక్కుకి పోదు, సరస్సంతా పరుచుకుంటుంది. మంచు తొమ్మిదింటికి విడిపోతుంది, ఇది మధ్యాహ్నం రెండు దాటాక కూడా ఉంది. రెండుంబావుకి వెళ్ళే ఆయన ప్రతిరోజూ ఈ పొరని నాకు పంపాడు. యంత్రం ప్రతిరోజూ అడిగింది, మంచా, పొగా అని. ప్రతిరోజూ చూడకుండా నొక్కింది నేను.

డిసెంబరు 28 పొరని పొగగా మార్చి అంకె కట్టించాను. 605. గెడతో వచ్చింది 640. ఇంత దగ్గరగా రెండు లెక్కలు కలవడం నా ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదు. మామూలుగా అయితే ఎగిరి గంతేసేదాన్ని.

ఇప్పుడు ఆధారం గడికి అడ్డు లేదు. ఉపగ్రహమే. మార్పుకి కారణం మాత్రం అడిగింది. రెండే అవకాశాలు. ‘లంకవాసుల తప్పుడు దహనం’ అని నొక్కితే జమ్ముగట్టు హక్కు ఏడేళ్ళు పోతుంది. ‘అధికారి లోపం’ అని నొక్కితే ఆ నిప్పుకి లంకలకి మచ్చలు పడవు, నా లాగిన్ పోతుంది. ఆలోచించానని రాస్తే గొప్పగా ఉంటుంది కానీ, ఆలోచించలేదు. రెండోది నొక్కి, కింద గడిలో ఇలా రాశాను: బురద కప్పమని సలహా ఇచ్చింది తరళ. పొగని మంచుగా నమోదు చేసింది తరళ. లంకవాళ్ళు నేను చెప్పింది చేశారు.

నాలుగింటికి ఫిల్టర్ల పడవ కదిలినట్టు సందేశం వచ్చింది. దూరాన ఉన్న గిడ్డంగి నుంచి కొంగలదిబ్బకి రెండు రోజులు. మిగతా పది లంకలకీ సెట్టులో ఒక్కొక్కరికే చెప్పాను: కప్పినవన్నీ తవ్వండి, నీళ్ళు పెట్టండి, చుక్క పడితే పడనివ్వండి.

జనవరి 3

చుక్కలు నలభై ఒకటి, రెండుంబావుకి ముప్పై ఎనిమిది. పొర: పొగ. అంకె 480.

ఇన్ని చుక్కలు చూసి నాకు ఊపిరి వచ్చింది. జమ్ముగట్టు చుట్టూ కందకం తవ్వి, పెద్ద బోదె నుంచి నీళ్ళు మళ్ళించారు. పెంకు పగలగొట్టిన చోటల్లా నిప్పు పైకి కనబడుతోంది. పూర్తిగా ఆరడానికి నెల పడుతుందని ఏడుకొండలు అంచనా. వచ్చే ఏడు అక్కడ పిలకలు రావు. వేళ్ళన్నీ మాడిపోయాయి. హక్కు మిగిలింది, జమ్ము మిగల్లేదు. ఆయన ఆ మాట నన్నేమీ అనకుండానే చెప్పాడు.

కొంగలదిబ్బకి ఫిల్టర్లు ఒకటో తేదీన చేరాయి. ఆరు కాదు, నలభై. ఇవాళ దగ్గేవాళ్ళు ఇరవై రెండు. ఎవరూ పోలేదు కదా అని అడిగాను. లేదంది. ఇక రోజూ అలాగే అడుగుతాను, ఉన్నన్ని రోజులు.

పైకార్యాలయం ఉత్తర్వు వచ్చింది. నా లాగిన్ ఏడో తేదీ వరకు. ఆలోపు తప్పుగా వేసిన రోజులన్నీ సరిదిద్దాలి. సరిదిద్దిన ప్రతి అంకెనీ సంబంధిత లంకకి చదివి వినిపించాలి, అక్కడి నర్సు తమ రిజిస్టరులో రాసుకోవాలి. కొత్త అంకె పడగానే జకరయ్య మరణపత్రంలో ‘సహజం’ పోయి ‘పొగ’ వచ్చింది. అది కూడా దానంతట అదే.

జనవరి 6

చుక్కలు పందొమ్మిది, పదిహేను. పొర: పొగ. అంకె 310.

పది గంటలకి సువార్తని పిలిచాను. అంకెలు చదవబోయే ముందు చెప్పవలసింది చెప్పాను. బురద సంగతి అత్తగారు చెప్పారంది. మంచు సంగతి తెలియదు. అదీ చెప్పాను. యంత్రం రోజూ అడిగేదనీ, రోజూ మంచు అని నొక్కాననీ, వాసనొస్తోందని ఆమె చెప్పిన రోజు కూడా నొక్కాననీ. క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె మర్యాదకి “అయ్యో, పర్లేదండి” అంటుందని భయం.

“రిజిస్టరు తెచ్చుకున్నానండి. చదవండి” అంది.

“డిసెంబరు పది. నలభై మూడు తీసేసి, డెబ్భై ఆరు.”

“రాసేనండి.”

“పదకొండు. నలభై నాలుగు తీసేసి, తొంభై ఎనిమిది.”

“రాసేనండి.”

అలా పదహారు దాకా వెళ్ళాం. ఆమె రాస్తున్న పెన్ను చప్పుడు కూడా వినబడుతోంది.

“పదిహేడు. ముప్పై తొమ్మిది తీసేసి, మూడువందల పద్దెనిమిది.”

ఈసారి ‘రాసేనండి’ రాలేదు.

“మేడంగారండీ. మూడొందలు దాటితే పడవ కదులుద్దండి కదా.”

“అవునండి.”

“నేను మొదటిసారి మిమ్మల్ని అడిగింది పద్దెనిమిదినండి.”

“అవును.”

“అంటే నేను అడక్కుండానే బయల్దేరుండేదండి. పంతొమ్మిదికి వచ్చుండేవండి ఫిల్టర్లు.”

“వచ్చి ఉండేవి.”

“పంతొమ్మిదిన ఆయన దోనె నడుపుతున్నారండి. ఫిల్టర్లొత్తే రేవు నుంచి దింపుకొచ్చేది ఆయనేనండి.”

అవతల ఆమె ముక్కు చీదుకున్న చప్పుడు, తర్వాత కాగితం తిప్పిన చప్పుడు.

“రాసేనండి. పద్దెనిమిది చెప్పండి.”

“పద్దెనిమిది. ముప్పై ఎనిమిది తీసేసి, మూడువందల అరవై రెండు” అన్నాను.